పేటెంటు పరీక్షలో దేశముల పొత్తు

'పేటెంటు' అను మాట మన ఇండ్లలోనికి తొలుత మందుసీసాలతో వచ్చినది. వైద్యుడు ఎదుట నూరి ఇచ్చిన మందు వేరు, అంగడిలో చీటీ అంటించి అమ్ము 'పేటెంటు మందు' వేరు అని పెద్దవారు చెప్పుచుండెడివారు. ఆ సీసాలలో అధికభాగమునకు నిజమైన పేటెంటు లేకుండుట ఒక వింత. వానిని అమ్మువారు మందులోని దినుసులను రహస్యముగా దాచుకొనెడివారు. పేటెంటు అన్ననో, రహస్యమును బయటపెట్టుటయే. "నేను కల్పించినదానిని దాపరికము లేక లోకమునకు వివరించెదను, అందులకు బదులుగా కొన్ని యేండ్లపాటు నా అనుమతి లేక మరియొకరు దానిని చేయకుండ కాపాడుడు" అని ఆవిష్కర్త ప్రభుత్వముతో చేసికొను ఒప్పందమే పేటెంటు. గడువు తీరిన పిదప ఆ విద్య అందరిదగును. నేడు చాల దేశములలో ఆ గడువు దరఖాస్తు పెట్టిన నాటినుండి 20 ఏండ్లు.

ఈ ఒప్పందమునకు ప్రాణమువంటి షరతు ఒకటి కలదు. చెప్పిన విషయము క్రొత్తది కావలెను. ఊరివారందరు ఎరిగినదానినే ఒకడు వ్రాసియిచ్చి ఇరువది యేండ్ల గుత్త పొందినచో అది ఒప్పందము కాదు, దోపిడి. క్రొత్తదా పాతదా అని తేల్చు ఉద్యోగిని పరీక్షకుడందురు. అతడు దరఖాస్తును చదువును; అంతకుముందు వెలువడిన పేటెంటులను, గ్రంథములను, పత్రికలను వెదకును. అదే విషయము దొరకినచో కాదనును; దొరకనిచో, తక్కిన నియమములును సరిపడినచో, ఔనను. చెప్పుటకు ఇంతే. కాని ఏ పరీక్షకుడును లోకమంతయు చదువలేడు. తన గదిలో ఉన్నదానిని, తనకు వచ్చిన భాషలో ఉన్నదానిని చదువును. కనుక 'ఇది క్రొత్తది' అను తీర్పునకు అసలు అర్థము 'నేను చదివినంతలో ఇది కానరాలేదు' అనియే. ఒక దేశపు కార్యాలయము చదివినదానిని మరియొక దేశపు కార్యాలయము వాడుకొనుటకు నూటనలువది యేండ్లుగా సాగుచున్న ప్రయత్నమే ఈ వ్యాసమునకు విషయము. పొరుగు భాషల నడుమ కాపురముండు మనకు ఇందులో పని యేమియన్నది కడపట విన్నవించెదను.

పేటెంటు చట్టము వెనీసు నగరరాజ్యమున 1474లోనే పుట్టినది. ఇంగ్లండులో 1624 నాటి శాసనము, రాజు తన ఇష్టులకు పంచిపెట్టు గుత్తలను కొట్టివేసి, నూతన కల్పనలకు మాత్రము 14 ఏండ్ల గడువును నిలిపినది. కాని ఆ కాలమున వెదకి పరీక్షించు పద్ధతి లేదు. రుసుము చెల్లించినవానికి పత్రము దొరకును. తగవు వచ్చినచో న్యాయస్థానము తేల్చును. వేతనముపై పరీక్షకులను నియమించి, ముందు వెదకి పిమ్మట హక్కు నిచ్చు పద్ధతిని 1836లో అమెరికా స్థిరపరచెను. 1877లో జర్మనీ ఆ మార్గమునే పట్టెను. ఫ్రాన్సు మాత్రము 1844 నాటి చట్టము ప్రకారము పరీక్ష లేకయే పేటెంటులిచ్చుచు, వస్తువులమీద 'ప్రభుత్వపు పూచీ లేదు' అను అర్థమిచ్చు నాలుగక్షరములను ముద్రింపవలసినదని ఆజ్ఞాపించెను. హక్కు ప్రభుత్వమే ఇచ్చును, పూచీ మాత్రము పడదు! ఆ నిజాయితీని మెచ్చుకొనక తప్పదు.

రైళ్లును పొగయోడలును రాగానే చిక్కు మొదలైనది. పేటెంటు ఎల్ల దాటినంతనే చెల్లదు. 1873లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో అంతర్జాతీయ ప్రదర్శనము జరుగనుండగా, అచ్చటి చట్టము తమ కల్పనలను కాపాడదను భయముచే విదేశీయులు పెక్కురు యంత్రములను పంపుటకు వెనుదీసిరి. చూపినచో దొంగిలింతురు; చూపకున్నచో అమ్ముడుపోవు. ప్రదర్శకుల కొరకు ఆస్ట్రియా తాత్కాలికమైన రక్షణచట్టము చేసెను. ఆ యేటనే వియన్నాలో పేటెంటులను గూర్చి ఒక మహాసభయు కూడినది. పదేండ్ల చర్చల పిమ్మట 1883 మార్చి 20న పారిస్ నగరమున 11 దేశములు పారిశ్రామిక స్వత్వమును గూర్చిన ఒడంబడికపై సంతకములు చేసినవి. వానిలో నెదర్లాండ్సు 1869లోనే తన పేటెంటు చట్టమును రద్దు చేసికొనియుండెను. స్విట్జర్లాండునకు అప్పటికింకను దేశవ్యాప్తమైన పేటెంటు చట్టమే లేదు. ఇంటిలో బావి లేనివారు ఊరి బావి తవ్వకమునకు సంతకము చేసినట్లు ఆ రెండును చేరినవి. స్విట్జర్లాండు 1888లో చట్టము చేసికొనెను. బెర్న్ నగరమున దానికై వెలసిన కార్యాలయముననే 1902 మొదలు 1909 వరకు ఆల్బర్ట్ ఐన్‌స్టైను పరీక్షకుడుగా పనిచేసెను.

పారిస్ ఒడంబడికలో ముఖ్యమైనది పూర్వతిథి హక్కు. ఒక సభ్యదేశమున దరఖాస్తు పెట్టినవాడు నియమిత కాలములోపల మరియొక సభ్యదేశమున పెట్టినచో, మొదటి తేదీయే రెండవచోటను చెల్లును. తొలుత ఆ కాలము ఆరుమాసములు. 1900లో బ్రస్సెల్సు సభ దానిని పండ్రెండు మాసములకు పెంచినది. ఓడలో ఉత్తరములు పోవు కాలమున ఇది గొప్ప ఉపకారము. కాని చదువరులు గమనింపవలసినదేమన, ఈ ఒడంబడిక పంచియిచ్చినది తేదీని మాత్రమే, పరీక్షను కాదు. ప్రతి కార్యాలయమును అదే దరఖాస్తును తిరిగి మొదటినుండి చదువవలసినదే.

ఒక దేశపు కార్యాలయము మరియొకదానికి పాఠము చెప్పిన తొలి సందర్భములలో జపానుది మిగుల రమ్యమైనది. 1885లో ఆ దేశము పేటెంటు శాసనము చేసెను. కార్యాలయమునకు తొలి అధిపతియైన తకహాషి కొరేకియో ఆ సంవత్సరమే బయలుదేరి అమెరికాను, ఐరోపా దేశములను చుట్టి అచ్చటి కార్యాలయముల పనితీరు కన్నులార చూచి వచ్చెను. పేటెంటు పరీక్ష చట్టపు పుటలలో లేదు, గుమాస్తా బల్లమీద ఉన్నదని అతడు గ్రహించెను. జపాను 1899లో పారిస్ ఒడంబడికలో చేరెను. తకహాషి అనంతరకాలమున దేశమునకు ప్రధానమంత్రియై, ఆర్థికమంత్రిగానుండి, 1936 నాటి సైనిక తిరుగుబాటులో హతుడయ్యెను. నూరేండ్లు తిరుగకమునుపే అతడు నెలకొల్పిన కార్యాలయము అమెరికా కార్యాలయముతో సమముగా కూర్చుండినది. ఆ కథ ముందు వచ్చును.

ఇరువదవ శతాబ్దమున పుస్తకరాశి కొండలవలె పెరిగెను. అమెరికా కార్యాలయమున పరీక్షకులు పాత పేటెంటులను విషయములవారీగా సొరుగులలో సర్దుకొనెడివారు. ఆ సొరుగులకు వారు పెట్టిన పేరు 'బూట్లు'. గడియారపు చక్రములకొక సొరుగు, నాగలి కర్రులకొక సొరుగు. ఒక్కొక్క దరఖాస్తుకు ఎన్ని సొరుగులు తెరువవలెనో ఊహించుకొనుడు. అదే సమయమున బెర్లినులో మరియొకడు, టోక్యోలో ఇంకొకడు, లండనులో వేరొకడు, అదే యంత్రము కొరకు అవే సొరుగులు తెరచుచుండిరి. నలుగురు ఒకే వడ్లరాశిని నాలుగుమారులు చెరిగినట్లు.

ఈ వృథాశ్రమను తగ్గించుటకు మొదట ముందుకు వచ్చినవి నాలుగు దేశములు. 1947 జూన్ 6న ఫ్రాన్సు, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు కలసి హేగ్ నగరమున అంతర్జాతీయ పేటెంటు సంస్థను స్థాపించినవి. దాని పని హక్కునిచ్చుట కాదు, వెదకుట మాత్రమే. 'ఈ విషయము ఇంతకుముందు ఫలానిచోట్ల కలదు' అని అది నివేదిక నిచ్చును. తీర్పు దేశము చేసికొనును. వెదకుటను తీర్పునుండి విడదీయవచ్చునని లోకమునకు చూపినది ఈ సంస్థయే. తరువాత వచ్చిన ఏర్పాటులన్నియు ఈ విభజనమీదనే నిలిచినవి గనుక నేను దీనిని అన్నిటికంటె పెద్ద అడుగుగా ఎంచుచున్నాను, పాఠ్యగ్రంథములు దీనికి రెండు పంక్తులకంటె ఎక్కువ ఈయకున్నను.

వెదకుటకు ముందు సొరుగులకు పేర్లు ఒకటి కావలెను. ఒక దేశమున 'నీటి యంత్రము' అన్నది మరియొక దేశమున 'సేద్యపు పనిముట్టు' అయినచో ఒకరి నివేదిక మరియొకరికి పనికిరాదు. 1971 మార్చి 24న స్ట్రాస్‌బర్గులో కుదిరిన ఒడంబడికతో మానవుల కల్పనలన్నియు ఎనిమిది ప్రధాన విభాగములుగా, వానిక్రింద వేలకొలది ఉపవిభాగములుగా విభజింపబడినవి. చూచుటకు గుమాస్తా పనివలె తోచును. కాని భాష తెలియని పరీక్షకుడుకూడ సంఖ్యను పట్టుకొని సరియైన సొరుగునకు పోగలిగినది దీనివలననే.

1966 సెప్టెంబరులో పారిస్ సంఘపు కార్యనిర్వాహకవర్గము, అమెరికా ప్రతినిధుల ప్రేరణచే, ఒకే కల్పనను పెక్కుదేశములు మరల మరల పరీక్షించు శ్రమను తగ్గించు మార్గము వెదకవలసినదని తన కార్యాలయమును కోరెను. జెనీవాలోని ఆ కార్యాలయమునకు అధిపతి బోడెన్‌హౌజెను అను డచ్చివాడు. ముసాయిదాను ముందుకు నడిపినవాడు అతని సహాయకుడు, హంగరీలో పుట్టి అమెరికా పౌరుడైన ఆర్పాద్ బోగ్ష్. 1970 జూన్ 19న వాషింగ్టనులో పేటెంటు సహకార ఒడంబడిక ఆమోదము పొందినది. ఎనిమిదేండ్లకు, 1978 జనవరి 24న, 18 దేశములతో అది అమలులోనికి వచ్చి, ఆ యేడు జూన్ 1నుండి దరఖాస్తులు స్వీకరించుట ఆరంభించెను. తొలి సంవత్సరమున వచ్చినవి కొన్ని వందలే. 2023లో వచ్చినవి 2,70,000 దాటినవి. సభ్యదేశములు నేడు 150కి పైబడినవి.

దీని నడక యెట్లన: ఆవిష్కర్త ఒక్క దరఖాస్తును, ఒక్క భాషలో, ఒక్క కార్యాలయమున ఇచ్చును. ఒడంబడికచే గుర్తింపబడిన అన్వేషణ కార్యాలయములలో ఒకటి దానిని తీసికొని వెదకును. తొలిదినములలో అమెరికా, జపాను, స్వీడను, సోవియట్ యూనియను, ఐరోపా కార్యాలయములు ఈ పనికి పూనుకొన్నవి. నివేదికలో దొరకిన ప్రతి పత్రమునకు ఎదుట ఒక అక్షరముండును. 'ఎక్స్' అని యున్నచో ఆ ఒక్క పత్రమే దరఖాస్తును పడగొట్టగలదు. 'వై' అనగా మరియొక పత్రముతో కలిపి చదివినచో పడగొట్టగలదు. 'ఏ' అనగా తెలిసికొనదగినది, హాని లేదు. చెన్నై పరీక్షకుడైనను స్టాక్‌హోం పరీక్షకుడైనను ఈ మూడక్షరములను చూచి విషయము గ్రహించును. మొదటి తేదీనుండి 18 మాసములకు దరఖాస్తు లోకమునకు ప్రకటితమగును. 30 మాసములలోపల ఆవిష్కర్త తనకు కావలసిన దేశములలో ప్రవేశింపవచ్చును. లోకమంతటికి చెల్లు పేటెంటు అనునది లేదు. అట్లు ప్రకటనలు చేయువారిని నమ్మరాదు. పేటెంటు ఇచ్చునది ఆయా దేశమే, లేదా తన అధికారమును తానై అప్పగించుకొన్న కూటమి. ఏది ఆవిష్కరణము, ఏది కాదు అని నిర్ణయించు స్వాతంత్ర్యమును ఒడంబడిక ఏ దేశమునుండియు తీసికొనలేదు.

ఐరోపావారు ఇంకొక అడుగు వేసిరి. 1973 అక్టోబరు 5న మ్యూనికులో కుదిరిన ఒప్పందముతో పరీక్షనుకూడ ఒకేచోట చేయుటకు సమ్మతించిరి. హేగ్ నగరపు పాత సంస్థ 1978 జనవరి 1న అందులో కలసిపోయినది. అమెరికా, జపాను, ఐరోపా కార్యాలయములు మూడును 1983నుండి కలసి పనిచేయసాగినవి. 2007లో చైనా, కొరియా చేరి అయిదైనవి. ఒకే కల్పన ఈ అయిదుచోట్లను దరఖాస్తుగా నిలుచుట సామాన్యమైనది. అట్టి దరఖాస్తుల సముదాయమును 'కుటుంబము' అని పిలుతురు.

2006 జూలైలో జపానును అమెరికాయు ఇంకొక పద్ధతిని ప్రయోగముగా మొదలిడినవి. మొదటి కార్యాలయము 'ఈ భాగము క్రొత్తదే, హక్కు ఈయవచ్చును' అని తేల్చినచో, దరఖాస్తుదారుడు ఆ పరీక్షాపత్రములను రెండవ కార్యాలయమునకు చూపి తనవంతు ముందుకు జరుపుమని కోరవచ్చును. దీనికి 'రాజమార్గము' అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. తకహాషి అమెరికా కార్యాలయమున విద్యార్థివలె తిరిగిన నూటయిరువది యేండ్లకు ఆ కార్యాలయమే జపాను పరీక్షకుని వ్రాతను చేతబట్టి పని ప్రారంభించినది. రాజమార్గమున వేగము కలదు. గమ్యము పూచీ లేదు. రెండవ పరీక్షకుడు తానుగా చదివి కాదనవచ్చును.

ఇక మన దేశము. ఇచ్చటి తొలి చట్టము 1856 ఫిబ్రవరిలో వచ్చెను. మార్చి 3న కలకత్తాలో జార్జి ఆల్ఫ్రెడ్ డీపెన్నింగు అను ఇంజనీరు తొలి దరఖాస్తు పెట్టెను. వేసవిలో దొరల గదులలో పంకా లాగు యంత్రము దాని విషయము. తాడు పట్టుకొని రాత్రియంతయు కూర్చుండెడి పంకావాని అభిప్రాయమును ఎవరును అడిగినట్లు లేదు. రాణి అనుమతి లేక చేసినదని ఆ చట్టమును మరుసటి యేడు రద్దుచేసి, 1859లో మరల వేరొకటి చేసిరి. 1911 నాటి చట్టము స్వాతంత్ర్యానంతరము వరకును నడచినది.

స్వతంత్ర భారతము దేశముల పొత్తును అనుమానముతో చూచెను. అందుకు కారణము కలదు. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగానుండిన ఎన్. రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక ప్రకారము ఇచ్చటి పేటెంటులలో నూటికి 80 నుండి 90 వరకు విదేశీయులవి. వానిలో నూటికి 90కి పైగా ఈ దేశమున ఉపయోగములోనికే రాలేదు. వస్తువు తయారుచేయుటకు కాక, ఇతరులు చేయకుండ అడ్డుకట్టుటకే అవి పనికివచ్చుచుండెను. ఆ నివేదికను ఆధారము చేసికొని వచ్చిన 1970 నాటి చట్టము ఆహారమునకు, ఔషధములకు వస్తువుపై పేటెంటు నిరాకరించి, తయారుచేయు విధానమునకు మాత్రమే ఇచ్చెను. ఆ స్థితి 2005 వరకును ఉండెను.

ఆ చట్టమున ఎనిమిదవ సెక్షను ఒకటి కలదు. ఇదే కల్పనకు ఇతరదేశములలో పెట్టిన దరఖాస్తుల వివరములను, అడిగినప్పుడు అచ్చటి పరీక్షలో వెలువడిన అభ్యంతరములను, ఆవిష్కర్తయే ఇచ్చటి కార్యాలయమునకు తెలుపవలెనని అది శాసించెను. ఒడంబడికలలో చేరకుండగనే విదేశ పరీక్షకుల శ్రమను ఉపయోగించుకొను ఉపాయమది! మన పరీక్షకులు కొలదిమంది, గ్రంథాలయము చిన్నది. కనుక పొరుగువాని దీపపు వెలుగున మన పుస్తకము చదువుకొంటిమి. ఇందులో చిన్నతనమేమియు లేదు.

1998 డిసెంబరు 7న భారతదేశము పారిస్ ఒడంబడికలోను, పేటెంటు సహకార ఒడంబడికలోను ఒకేనాడు చేరెను. 2013 అక్టోబరు 15నుండి మన కార్యాలయమే ఒక అంతర్జాతీయ అన్వేషణ కార్యాలయముగా పనిచేయుచున్నది. 2019 డిసెంబరులో జపానుతో రాజమార్గ పద్ధతిని, ఏటికి నూరు దరఖాస్తుల పరిమితితో, మూడేండ్ల ప్రయోగముగా ఆరంభించిరి. 2024 మార్చి నాటి నిబంధనలలో ఎనిమిదవ సెక్షను భారమును తగ్గించి, విదేశ వివరములకై అందుబాటులోనున్న సమాచార నిధులను మన అధికారియే చూచుకొనవలెనని చేర్చిరి. వేరొకరు తెచ్చి చదివి వినిపింపవలసిన పని తీరి, తామే తెరచి చూచు దినము వచ్చినది.

చదువు పంచుకొన్నను తీర్పు మనదే అనుటకు చెన్నపట్టణమే సాక్షి. రక్తపు క్యాన్సరుకు వాడు ఒక మందుయొక్క స్ఫటికరూపమునకు నోవార్టిస్ సంస్థ 1998లో చెన్నై కార్యాలయమున దరఖాస్తు పెట్టెను. అమెరికా మొదలగు దేశములు దానికి పేటెంటు నిచ్చినవి. తెలిసిన పదార్థపు క్రొత్తరూపము గుణమున మేలైనదని రుజువుపరుపనిచో ఆవిష్కరణము కాదను 3(డి) నిబంధనను చూపి చెన్నై అధికారి 2006లో కాదనెను. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ నిర్ణయమునే స్థిరపరచెను. చదివిన పత్రములు అవే, తీర్పు వేరు. పొత్తు ఇంతవరకే ఉండుట మంచిదని నా అభిప్రాయము. నలుగురు కలసి వెదకినచో తప్పిపోవు పత్రములు తక్కువగును. నలుగురికి ఒకే తీర్పరి యున్నచో ఒకని పొరపాటు నలుగురిదగును.

అయితే ఈ పొత్తులోనున్న గ్రంథాలయమున ఏమున్నది, ఏమి లేదు? ఇదియే నేను కడపట చెప్పెదనన్న విషయము. అన్వేషణ కార్యాలయములు తప్పక చూడవలసిన పేటెంటు పత్రములు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, జపాను, రష్యను, స్పానిషు భాషలకు చెందినవిగా చాలకాలముండెను. కొరియాభాష 2007లో, చీనాభాష 2012లో చేరినవి. అనగా మహారాజ్యముల భాష యైనను చదువబడుటకు తన వంతు వచ్చువరకు వేచియుండవలసి వచ్చినది.

1995 మార్చి 28న అమెరికా కార్యాలయము గాయములు మాన్పుటకు పసుపు వాడు విధానమునకు 5,401,504 సంఖ్యగల పేటెంటు నిచ్చెను. కోరినవారు మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమున పనిచేయు భారత సంతతి పరిశోధకులిద్దరు. పసుపు గాయమునకు పెట్టుట ఎరుగని ఇల్లు మనలో లేదు. కాని అప్పటి అమెరికా చట్టమున ఒక మెలిక యుండెను. ఆ దేశమున ఎవరైన వాడియుండినచో అది పాతది. పరదేశమున కోట్లమంది వాడినను లెక్కకు రాదు, అచ్చులోనో పేటెంటులోనో ఉన్నచో మాత్రమే వచ్చును. మన అమ్మమ్మలు చేసినది చట్టపు కంటికి కనబడదు. అందుచే మన విజ్ఞాన పారిశ్రామిక పరిశోధనమండలి, మాషేల్కరుగారు అధిపతిగానుండగా, 1996లో సంస్కృతము, ఉర్దూ, హిందీ మొదలగు భాషలనుండి 32 ఆధారములు కూర్చి పునఃపరీక్ష కోరెను. వానిలో 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వెలువడిన వ్యాసమొకటి. 1997లో పేటెంటులోని క్లెయిములన్నియు కొట్టివేయబడినవి. పరదేశపు వాడుకయు లెక్కలోనికి వచ్చునట్లు అమెరికా చట్టము మారినది 2013 మార్చి 16నుండి మాత్రమే.

వేపగింజల నూనెతో బూజుతెగులును అరికట్టు విధానమునకు ఐరోపా కార్యాలయము 1994లో అమెరికా వ్యవసాయశాఖకును ఒక కంపెనీకిని ఇచ్చిన పేటెంటు కథయు ఇట్టిదే. మ్యూనికులో విచారణ జరిగినప్పుడు భారతీయ కర్మాగారపు యజమాని యొకడు పోయి, తాము ముందే ఆ పని చేయుచుంటిమని సాక్ష్యము చెప్పెను. 2000లో పేటెంటు రద్దైనది. అప్పీలు 2005లో వీగిపోయినది. పదేండ్ల వ్యాజ్యము! ఒక్కొక్క ఆకునకు పదేండ్లు పట్టినచో మన పెరటిలోని చెట్లు తీరుటకు ఎన్నితరములు కావలెను?

అందుకొరకే 2001నుండి సంప్రదాయ విజ్ఞాన నిధి యొకటి కూర్చబడుచు వచ్చినది. ఆయుర్వేదము, యునానీ, సిద్ధ వైద్యముల యోగములను సంస్కృతము, అరబ్బీ, పారసీకము, ఉర్దూ, తమిళము మొదలగు భాషలనుండి తీసి ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, జపాను, స్పానిషు భాషలలో వర్గీకరించి పెట్టిరి. 2009లో ఐరోపా కార్యాలయముతో ఒప్పందము కుదిరినది. పిదప అమెరికా, జపాను మొదలగువానితోను కుదిరినది. ఇప్పుడు మ్యూనికులోని పరీక్షకుడు పసుపును వెదకినచో మన గ్రంథపు పుట అతని భాషలో ఎదుట నిలుచును.

సామాన్యముగా చెప్పు ఆ మూలభాషల వరుసలో తెలుగు పేరు వినబడదు. మనకు వైద్యగ్రంథములు లేక కాదు. సంస్కృత శ్లోకములతో తెలుగు భాగములును కలసియున్న బసవరాజీయము ఔషధచట్టపు మొదటి అనుబంధమున ప్రామాణిక గ్రంథముగా పేర్కొనబడినది. తంజావూరు సరస్వతీమహలున తెలుగు వ్రాతప్రతులు భద్రముగా ఉన్నవి. ఇవి పెద్ద పేర్లు, వీనికి కాపలాదారులున్నారు. నా చింత ఇండ్లలోని చిట్టాలను గూర్చి. తమిళదేశమున స్థిరపడిన తెలుగిండ్లలో మాట తెలుగు, లిపి తమిళముగా వ్రాసికొన్న మందుచీటీలు కలవు; కన్నడదేశమున కన్నడలిపిలో కలవు. పసిబిడ్డకు ఉగ్గుతో ఏది ఇయ్యవలెను, బాలింతకు కాయము ఎట్లు కూర్చవలెను అన్నది వానిలోనుండును. లిపి తెలిసిన పరీక్షకునకు మాట తెలియదు. మాట తెలిసినవానికి లిపి తెలియదు. ఇప్పుడు మన మనుమలకును రెండును తెలియని దినములు వచ్చుచున్నవి.

మన చట్టము ఈ విషయమున ఉదారమైనది. స్థానిక సమాజమున నోటిమాటగానైనను ఉన్న జ్ఞానము పేటెంటును అడ్డగించుటకు చాలునని 25వ సెక్షను చెప్పుచున్నది. హక్కు ఈయకమునుపు ఎవరైనను ఆ అభ్యంతరము తెలుపవచ్చును. పరదేశమున మాత్రము అచ్చు, తేదీ ఉన్న పత్రమే మిగుల పనికివచ్చును. 1953 నాటి పత్రిక ఆ బలముతోనే పనిచేసినది. ఇట్టి సంఘసంచికయైనను, ముద్రణ సంవత్సరముతో వెలువడి గ్రంథాలయమునకు చేరినచో, ప్రకటిత పత్రమే యగును.

అచ్చువేసినంతనే ఇంకొక భయము పుట్టును. ప్రకటించినదానిని పేటెంటు చేయరాదు గాని, చదివి వాడుకొని లాభము గడింపవచ్చును. చెప్పిన ఇంటికి పైసయైన రాకపోవచ్చును. విజ్ఞాననిధిని మొదట పేటెంటు కార్యాలయములకు మాత్రమే చూపి బహిరంగపరచకుండుటకు ఇదియు కారణమే. 2024 మే 24న జెనీవాలో ఆమోదింపబడిన క్రొత్త ఒడంబడిక, జీవవనరులను సంప్రదాయ జ్ఞానమును ఆధారము చేసికొన్న దరఖాస్తులో వాని మూలస్థానమును చెప్పవలెనని విధించుచున్నది. మూలము చెప్పుమన్నది గాని, లాభము పంచుమనలేదు.

మా పెద్దమ్మగారి చిట్టా ఒకటి నాయొద్ద కలదు. నలుబదిరెండు పుటలు, తమిళలిపి, ఒక్క పుటమీదను తేదీ లేదు. దానిని తెలుగులిపిలోనికి ఎత్తి వ్రాయుట మొదలుపెట్టితిని. పదునొకండవ పుటలో ఒక దినుసు పేరువద్ద నిలిచిపోతిని. ఆ మాట తెలిసినవారు మా ఇంట ఇప్పుడెవరును లేరు.